ఇంప్లాంట్లు మొదలుపెట్టబోయే చిరంజీవికి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు క్లినిక్‌లో ఇంప్లాంట్లు, అంటే పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే మరలు, మొదలుపెడుతున్నానని, బిగించగానే ఎముకలో వాటికి దొరికే తొలి పట్టు బాగా రావాలంటే ఏం చేయాలో చెప్పమని రాశావు. ఏ కంపెనీ ఇంప్లాంట్ కొన్నావన్నదానికంటే, దానికోసం ఎముకలో రంధ్రం ఎలా చేశావన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

కిట్‌లోని డ్రిల్లులన్నీ వరుసగా వాడితీరాలని అనుకోవద్దు. 2 మిల్లీమీటర్ల డ్రిల్ దిగేటప్పుడే ఎముక స్వభావం చేతికి తెలుస్తుంది. కింది దవడ ముందుభాగంలో అది ఆగి ఆగి దిగుతుంది. పై దవడ వెనకభాగంలో పైపొర దాటగానే అడ్డు లేనట్టు జారిపోతుంది. అలాంటి మెత్తని ఎముకలో చివరి డ్రిల్ మానేసి, రంధ్రాన్ని ఇంప్లాంట్ కంటే కాస్త సన్నగా ఉంచితే, దాని థ్రెడ్లు (మర చుట్లు) పక్క ఎముకను అదిమి పట్టుకుంటాయి. గట్టి ఎముకలో ఇదే ఉపాయం బెడిసికొడుతుంది: ఇంప్లాంట్ మధ్యలో ఇరుక్కుంటుంది, బలవంతాన తిప్పితే ఒత్తిడికి అంచు ఎముక చచ్చిపోతుంది, ఆరోజు చూసి మురిసిపోయిన టార్క్ (బిగించేటప్పుడు తిప్పడానికి పట్టిన బలం) తరువాత ఎముక నష్టంగా తేలుతుంది. అక్కడ డ్రిల్లులన్నీ వాడి, అవసరమైతే ఎముకలో ముందే మర చుట్లు కోసే ట్యాప్ కూడా వేయి.

చేయి ఊగితే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం పైన కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ వదులును ఏ ఇంప్లాంటూ పూడ్చదు. పక్క పన్ను మీద వేలు ఆనించి, ఒకే దిశలో దించి, తిరుగుతుండగానే డ్రిల్‌ను బయటికి తీయి.

వేడి మరో శత్రువు. 47 డిగ్రీల వేడి నిమిషంపాటు తగిలితే ఎముక దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు కుందేళ్లపై చూపారు. నొక్కి పట్టకుండా దించుతూ లేపుతూ పోతే చల్లబరిచే సెలైన్ లోపలికి చేరుతుంది, ఎముక పొడి బయటికి వస్తుంది. మన ఎండాకాలంలో సెలైన్ సీసా బల్ల మీదే వెచ్చబడిపోతుంది కాబట్టి ముందే ఫ్రిజ్‌లో పెట్టించు. మొండిబారిన డ్రిల్లులతో పొదుపు చేయవద్దు.

పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని, వెంటనే పన్ను కావాలని పట్టుబట్టేవాళ్లు నీకూ వస్తారు. టార్క్ 35 న్యూటన్ సెంటీమీటర్లకు చేరకపోతే ఒప్పుకోవద్దు. చేరినా, ఎముక తనను తాను సరిచేసుకునే క్రమంలో మొదటి కొన్ని వారాల్లో పట్టు కొంత తగ్గుతుంది కాబట్టి, ఆ పన్నుతో కొరకకూడదని గట్టిగా చెప్పు. తక్కిన వాళ్లకు, ఇంప్లాంట్ మీద ఒత్తిడి పడని తీసి పెట్టుకునే పన్ను చేసివ్వు. ఫొటోలకు అది చాలు.