కొవ్వు గట్టిగా పేరుకోని పొట్టేళ్లు

ప్రశ్న: షెడ్డులో 40 నెల్లూరు జుడిపి జాతి పొట్టేళ్లను బయటికి తోలకుండా పెంచుతున్నాను. మొక్కజొన్న పిండి, నూకలు, తవుడు కలిపి పెడుతున్నాను. బరువు బాగానే వస్తోంది. కానీ మటన్ కొట్టాయన "తోలు కింద కొవ్వు మెత్తగా ఉంది, చేతికి జిడ్డు అంటుతోంది, బయట మేసిన జీవాలకు ఇలా ఉండదు" అని రేటు తగ్గిస్తున్నాడు. మేతకూ కొవ్వుకూ నిజంగా సంబంధం ఉందా?
– ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: ఉందండి. ఆయన రేటు తగ్గించడానికి సాకు వెతుకుతున్నాడేమో గానీ, చెప్పిన లక్షణం మాత్రం అబద్ధం కాదు.

మీరు పెట్టే దాణా ముందు తినేది పొట్టేలు కాదు, దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు. ఆ పొట్టలోని రసం ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే సుమారు వెయ్యి కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. నేను పశువైద్య ఉద్యోగంలో ఉన్నప్పుడు పోస్టుమార్టంలో ఎన్నో పొట్టలు కోశాను. బయట మేసిన దాని పొట్టలో పచ్చటి నార, పులిసిన గడ్డి వాసన. పెళ్లిలో మిగిలిన అన్నం మెక్కి చచ్చిన దాని పొట్టలో గంజిలాంటి నీళ్లు, ముక్కు మూసుకునేంత పులుపు.

గడ్డీ ఆకూ తింటే పీచును అరిగించే బ్యాక్టీరియా పెరుగుతాయి, ఎసిటిక్ ఆమ్లం ఎక్కువగా తయారవుతుంది. పిండి పెడితే పిండిని తినేవాటిది పైచేయి అయి ప్రొపియోనిక్ ఆమ్లం పెరుగుతుంది. దాన్ని కాలేయం గ్లూకోజుగా మార్చుకుంటుంది. మీ పొట్టేళ్లు ఒళ్లు చేసింది అందుకే. కానీ కాలేయం మార్చలేనంత వచ్చినప్పుడు మిగిలింది కొవ్వు తయారీలోకి దూరి, తిన్నటి గొలుసుల్లా ఉండాల్సిన కొవ్వు ఆమ్లాలకు కొమ్మలు తెస్తుంది. కొమ్మలు నరకని కంపను మోపు కట్టి చూడండి, దగ్గరగా కూర్చోదు. ఈ కొవ్వూ అంతే, గట్టిగా పేరుకోదు. విత్తులు నొక్కించని పొట్టేళ్లలో ఈ జిడ్డు మరికాస్త ఎక్కువ.

బయట మేసిన గొర్రె కొవ్వు కూర చల్లారగానే పళ్లెంలో మైనంలా బిగుస్తుంది కదా, అది స్టియరిక్ ఆమ్లం అనే తిన్నటి కొవ్వు ఆమ్లం మహిమ. 69 డిగ్రీల దాకా అది కరగదు. పచ్చగడ్డిలోని ఒమేగా-3 అనే మంచి కొవ్వును చాలావరకు పొట్టలోని బ్యాక్టీరియానే స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. తప్పించుకున్న కాస్త మాంసంలోకి చేరుతుంది. షెడ్డు మాంసంకన్నా ఎక్కువే, చేపలతో పోలిస్తే మాత్రం లెక్కలోకి రాదు. "గుండెకు మంచి మటన్" అని బోర్డు పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక మీరు చేయాల్సింది. మొక్కజొన్నను పిండి పట్టించకుండా గింజగానే పెట్టండి. స్కాట్లాండులోని ఆబర్డీన్‌లో రోవెట్ అనే పోషకాహార పరిశోధన సంస్థవాళ్లు 1970ల్లోనే బార్లీతో ఇది చూశారు. పిండి చేసి పెడితే గొర్రెపిల్లల కొవ్వు మెత్తబడింది, గింజను గింజలాగే పెడితే గట్టిగా ఉంది. గింజైతే నమలాలి, నమిలితే లాలాజలం ఊరుతుంది, అందులోని సోడా పులుపును విరుస్తుంది. గేదెకు దాణా పిండి పట్టించాలి గానీ గొర్రె పళ్లు ఆ పని చేసుకుంటాయి. మిల్లు ఖర్చు మిగులుతుంది కూడా.

నూకలు మానేయండి. దాణాకు ముందు వేరుశనగ కట్టె, కంది పొట్టు కడుపునిండా, వాటితోపాటు సుబాబుల్ లేదా అవిశ ఆకు కొంత వేయండి. ఈ మార్పు రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా చేయాలి. ఒక్కరోజులో మారిస్తే అజీర్తి పట్టుకుంటుంది. దాణా బాగా తినే జీవాలకే చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) కూడా ఎక్కువ, ఆ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. అమ్మే వారం ముందు గడ్డి వేస్తే, పేరుకున్న కొవ్వు మారదు. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

ముందు 20 జీవాలకే మార్చి, మిగతా 20ని ఇప్పటిలాగే ఉంచండి. అమ్మేటప్పుడు ఏవి ఏవో మటన్ కొట్టాయనకు చెప్పకండి. ఆయన చెయ్యి ఏం చెప్పిందో నాకు రాయండి.