కోరాపుట్ కొండల ఎత్తుల ఫైలు ఫొటో వ్యూయర్‌లో నల్లగా, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా ఎందుకు కనిపిస్తుంది?

ఫైలు పాడవలేదు, అందులో ఒక్కో చుక్కకు మీటర్లలో రాసి ఉన్న ఎత్తుల అంకెలు తెర చూపగల మెట్లలో బాగా అడుగున ఉండిపోవడం వల్లే నల్లగా కనిపిస్తుంది.

మామూలు తెర నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే చూపుతుంది. ఎత్తుల ఫైలు సాధారణంగా 16 బిట్లది, 0 నుంచి 65,535 దాకా 65,536 విలువలు పడతాయి. ఫొటో వ్యూయర్ ఆ మొత్తం పరిధిని 256 మెట్లలోకి కుదించేస్తుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి 1,672 మీటర్లు. అంటే 65,535లో రెండున్నర శాతం, తెర మీద ఆరో మెట్టు. శిఖరమే అక్కడుంటే దానికన్నా కిందుండే జయపురం పొలాల సంగతి చెప్పేదేముంది! క్యూజీఐఎస్ మాత్రం ఫైలులోని కనిష్ఠానికి నలుపు, గరిష్ఠానికి తెలుపు ఇచ్చి మధ్యవాటిని సర్దుతుంది.

దీంతో డేటా మారిపోతుందని చాలామంది భయపడతారు. మారేది రంగు ఒక్కటే. ఐడెంటిఫై టూల్‌తో చుక్క మీద నొక్కండి, అసలు మీటర్లే వస్తాయి.

అసలు తిరకాసు వేరే ఉంది. గోపాలపూర్ తీరం ఫైలును పక్కన తెరిస్తే అందులో తెలుపంటే ఒక ఎత్తు, కోరాపుట్ ఫైలులో తెలుపంటే వేరే ఎత్తు. పోల్చాలంటే రెండింటికీ చేత్తో కనిష్ఠం 0, గరిష్ఠం 1,700 అని ఒకే హద్దులు ఇవ్వాలి.