క్రెడిట్ స్కోరు అడగరు సరే, వడ్డీ ఎంతో చూశారా?

ప్రశ్న: హెచ్1బి ఉద్యోగ వీసా మీద అమెరికాలోని హ్యూస్టన్ వచ్చి ఎనిమిది నెలలైంది. అప్పులు సరిగ్గా కడతామా అని చూపే క్రెడిట్ స్కోరు ఇంకా లేదు. ఊరికి ఈశాన్యంగా ఒక వెంచర్‌లో 56,000 డాలర్లకు స్థలం ఉంది. వెయ్యి కడితే చాలు, మిగతాది అమ్మేవాళ్లే 12.9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా ఇస్తామంటున్నారు. మా నాన్న శంషాబాద్‌లో రొక్కం పెట్టి కొన్న ప్లాటు పదింతలైంది. నేనూ కొనేయనా?

జవాబు: ముందు లెక్క చూడండి. 55,000 అప్పుకు నెల వాయిదా దాదాపు 640 డాలర్లు. మొదటి నెల అందులో 591 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 49. మూడేళ్లు ఒక్క నెలా తప్పకుండా కడితే మీ జేబులోంచి 23,000 పోతాయి, తగ్గే అప్పు మాత్రం 2,150. ఆస్తి పన్ను ఇందులో కలపలేదు.

మీరు వెంచర్ పేరు రాయలేదు కానీ, చదవగానే నాకు లిబర్టీ కౌంటీలోని కాలనీ రిడ్జ్ గుర్తొచ్చింది. క్రెడిట్ చూడకుండా, తక్కువ డౌన్ పేమెంట్‌తో అమ్మడంతో లాటిన్ అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో కొన్నాయి. 2023 అక్టోబరులో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ దాన్ని అసెంబ్లీ ప్రత్యేక సమావేశాల ఎజెండాలో కూడా పెట్టారు. టీవీల్లో గోలంతా అక్కడ ఎవరుంటున్నారు, వాళ్లకు కాగితాలున్నాయా అన్నదాని మీదే. నన్నడిగితే చూడాల్సింది అప్పు కాగితాలు.

ఆ డిసెంబరులో అమెరికా కేంద్ర న్యాయశాఖ, వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ కలిసి కాలనీ రిడ్జ్ కంపెనీ మీద వేసిన దావాలో ఉన్నది అదే. ప్రచారం స్పానిష్‌లో చేసి సంతకాలు ఇంగ్లిష్ పత్రాల మీద పెట్టించారని, నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్ల గురించి అబద్ధాలు చెప్పారని ఆరోపణ. అప్పు మీద అమ్మిన స్థలాల్లో దాదాపు 30 శాతం మూడేళ్లలోపే ఫోర్‌క్లోజర్‌కు, అంటే వాయిదాలు కట్టలేదని జప్తుకు వెళ్లాయట. కంపెనీ ఇవన్నీ కాదంది. అయినా, స్థలం వెనక్కి వస్తే మళ్లీ అమ్ముకోగలిగినవాడికి మీరు కట్టగలరా లేదా అన్న టెన్షన్ ఎందుకుంటుంది?

టెక్సస్‌లో ఇలాంటి జప్తుకు సాధారణంగా కోర్టు తీర్పు కూడా అక్కర్లేదు. కనీసం 21 రోజుల ముందు నోటీసు, నెలలో మొదటి మంగళవారం వేలం. మీ ఉద్యోగం పోతే హెచ్1బి మీద మీకుండే గడువేమో గరిష్ఠంగా 60 రోజులు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

నాన్నగారి ప్లాటుతో పోలిక వద్దు. ఆయన మీద వడ్డీ భారం లేదు, పైగా ఆ పక్కనే విమానాశ్రయం వచ్చింది. మీరు అమ్ముకుందామనుకున్న రోజున, పక్క వీధిలో కంపెనీయే వెయ్యి డాలర్లకు కొత్త స్థలం చేతిలో పెడుతుంటే మీది ఎవరు కొంటారు?

అందుకే ఇప్పుడు వద్దంటాను. ఆ వెయ్యిలో 500 డిపాజిట్ చేసి సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు (డిపాజిట్ హామీ మీద ఇచ్చే కార్డు) తీసుకోండి, క్రెడిట్ స్కోరు రావడానికి నెలనెలా బిల్లు పూర్తిగా కట్టండి. 2025 మే నుంచి హెచ్1బి వాళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు (ప్రభుత్వ బీమా ఉన్న ఇంటి అప్పులు) ఆగిపోయాయి కానీ, మామూలు బ్యాంకు హోమ్ లోన్ దారి తెరిచే ఉంది.

అయినా మనసు లాగుతుంటే, మన దగ్గర ఈసీ తీయించినట్టే అక్కడ టైటిల్ కంపెనీతో (యాజమాన్య పత్రాలు పరిశీలించే సంస్థ) సెర్చ్ చేయించండి. విపత్తుల సంస్థ ఫెమా వరద మ్యాపులో ఆ స్థలం ఎక్కడుందో చూడండి. పెద్ద వాన పడిన మర్నాడు ఏజెంటుకు చెప్పకుండా ఒకసారి వెళ్లి రండి.