టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది.. అక్క వాడే మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. కాన్పయి నాలుగు నెలలైంది, బిడ్డకు పాలిస్తున్నాను. గుండె దడ, చేతుల వణుకు ఉన్నాయి. టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 2.4 వచ్చాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్ర వాడుతున్నాను. మా అక్కకు థైరాయిడ్ ఎక్కువ. ఆమె వేసుకునే కార్బిమజోల్ నేనూ వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఆ మాత్ర మీ అంతట మీరు మొదలుపెట్టకండి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ (టీ4) పెరిగితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను తగ్గించేస్తుంది. మామూలుగా టీఎస్‌హెచ్ 0.4 నుంచి 4 దాకా, ఫ్రీ టీ4 దాదాపు 0.8 నుంచి 1.8 దాకా ఉంటాయి. మీ రిపోర్టు హార్మోన్ ఎక్కువైందని చెబుతోంది గానీ, ఎందుకు ఎక్కువైందో చెప్పదు. మందు ఆ కారణాన్ని బట్టే ఉంటుంది.

ముందు బయోటిన్ సంగతి. జుట్టు మాత్రల్లో అది 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో దానివల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. మూడు రోజులు ఆపి మళ్లీ రక్తం ఇవ్వండి. అయితే దడ, వణుకు ఉన్నాయి కాబట్టి హార్మోన్ నిజంగానే పెరిగి ఉండవచ్చు.

కాన్పయ్యాక ఆరు నెలల్లోపు ఇలా కనిపిస్తే రెండు కారణాలు చూస్తాం. ఒకటి ప్రసవానంతర థైరాయిడైటిస్. ఇందులో గ్రంథి వాచి, లోపల నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి కారిపోతుంది. కార్బిమజోల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతుందే తప్ప కారేదాన్ని ఆపలేదు, అందుకే ఇక్కడ దానితో పని లేదు. రెండోది గ్రేవ్స్ జబ్బు. ఇందులో యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు) హార్మోన్ ఎక్కువగా తయారుచేసేలా గ్రంథిని తరుముతూ ఉంటాయి, కార్బిమజోల్ పనిచేసేది దీనికే. మీ అక్కకు ఉన్నది ఇదే అయితే మీకూ వచ్చే అవకాశం కొంత ఎక్కువ. తేల్చడానికి టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ పరీక్ష చాలు. దానికీ బయోటిన్ ఆపే వెళ్లాలి. పాలిస్తున్నారు కాబట్టి రేడియో అయోడిన్ స్కాన్ వద్దు.

దడకు ప్రొప్రనలాల్ తక్కువ మోతాదులో ఇస్తారు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పాలి. గ్రేవ్స్ అని తేలితే కార్బిమజోల్ డాక్టరే రాస్తారు, రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా పాలు ఆపక్కర్లేదు. ఆ మందు వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

థైరాయిడైటిస్ అయితే కొన్ని నెలలకు హార్మోన్ తగ్గే దశ రావచ్చు. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చూపించుకోండి. విశ్రాంతిలోనూ నాడి 120 దాటినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.