టెక్ సందేహాలు: జీవితకాల అప్‌డేట్లా, నెలవారీ చందానా?

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్ మీదే పాటలకు వాద్య సంగీతం సమకూర్చడం నేర్చుకుంటున్నాను. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కసారి డబ్బు కడితే జీవితకాలం ఉచితంగా అప్‌డేట్లు ఇస్తామంటోంది. మరొక కంపెనీ నెలనెలా చందా కట్టమంటోంది, పైగా మొదటి నెల చాలా చవక. జీవితకాల హామీని నమ్మవచ్చా? నాలాంటివారు దేన్ని ఎంచుకోవాలి?

జవాబు: మీరు అడిగిన రెండు పద్ధతుల మధ్యలో మూడోది ఒకటి ఉంది. దాన్ని మరిచిపోవడం వల్లనే చాలామంది లెక్క తప్పుతున్నారు. అది మామూలు శాశ్వత లైసెన్సు. దీని కింద మీరు కొన్న వెర్షన్‌ను ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు, కానీ తరువాతి పెద్ద వెర్షన్ కావాలంటే మళ్లీ కొంత సొమ్ము చెల్లించాలి. సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్లలో ఏబుల్టన్ లైవ్, క్యూబేస్ ఎంతోకాలంగా ఈ దారిలోనే నడుస్తున్నాయి. జీవితకాల అప్‌డేట్ల పథకంలో ఈ శాశ్వత లైసెన్సుతో పాటు రాబోయే వెర్షన్లు కూడా ఉచితంగా ఇస్తామన్న హామీ అదనంగా ఉంటుంది. ఇక చందా విషయానికి వస్తే, కడుతున్నంతకాలం ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ చేతికి వస్తుంది, కట్టడం ఆపగానే సాఫ్ట్‌వేర్ చాలావరకు పనిచేయడం మానేస్తుంది.

వీటి నడుమ మరికొన్ని ఏర్పాట్లు కూడా ఉన్నాయి. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండు పూర్తి వెర్షన్ల వరకు చెల్లుతుంది. అంటే ఇప్పుడు ఏడో వెర్షన్ కొన్నవారికి ఎనిమిదో వెర్షన్ ముగిసేవరకు అప్‌డేట్లకు ఖర్చు ఉండదు. బిట్‌విగ్ స్టూడియో అనే మరో సాఫ్ట్‌వేర్ పన్నెండు నెలలపాటు వచ్చే అప్‌డేట్లన్నీ ఇస్తుంది. గడువు తీరాక చివరిగా అందిన వెర్షన్ మీ దగ్గరే నిలిచిపోతుంది. ఎన్నాళ్లు, ఏమేమి ఇస్తారో ముందే లెక్క కట్టి చెప్పే ఇలాంటి ఒప్పందాలు ప్రకటనల్లో అంత ఆకర్షణీయంగా కనబడవు గానీ, నా దృష్టిలో అన్నింటికంటే నిజాయితీగా ఉండేవి ఇవే.

జీవితకాల హామీని నమ్మవచ్చా అన్నదానికి ఒకదానికొకటి పొసగని రెండు ఉదాహరణలు చెప్పాలి. మొదటిది బెల్జియంలోని ఇమేజ్‌లైన్ సంస్థ. 1990ల చివర్లో ఫ్రూటీలూప్స్‌గా మొదలై 2003లో ఎఫ్ఎల్ స్టూడియోగా పేరు మార్చుకున్న తమ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంస్థ జీవితకాల ఉచిత అప్‌డేట్లు ఇస్తామని చెప్పి, ఏళ్ల తరబడి ఆ మాట నిలబెట్టుకుంటూ వస్తోంది. 2018లో ఇరవయ్యో వెర్షన్‌తో మ్యాక్ కంప్యూటర్ల మీదికి వచ్చినప్పుడు కూడా పాత వినియోగదారులను మరో లైసెన్సు కొనమనలేదు. విండోస్ కోసం తీసుకున్న లైసెన్సే మ్యాక్‌కూ చెల్లింది.

రెండోది కేక్‌వాక్ కథ. గిటార్లు తయారుచేసే గిబ్సన్ సంస్థ అధీనంలో ఉన్న కేక్‌వాక్ కంపెనీ, 2016లో తన సోనార్ సాఫ్ట్‌వేర్‌కు జీవితకాల అప్‌డేట్లను పరిమిత కాలపు ఆఫర్‌గా అమ్మింది. 2017 నవంబరులో గిబ్సన్ కేక్‌వాక్ ఉత్పత్తుల అభివృద్ధిని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ అనే కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్ హక్కులను కొనుక్కుని, ఏప్రిల్‌లో దాన్నే కొత్త పేరుతో అందరికీ ఉచితంగా విడుదల చేసింది. అదే ఏడాది మే నెలలో గిబ్సన్ దివాలా చట్టం కింద రక్షణ కోరింది. జీవితకాలానికి డబ్బు కట్టినవారు రెండేళ్లు తిరగకముందే, ఒక్క పైసా కట్టనివారితో ఒకే వరుసలో నిలబడాల్సి వచ్చింది. అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్‌డేట్ల హామీ పోయినా, వారు కొన్న సోనార్ వెర్షన్ మాత్రం వారి కంప్యూటర్లలో పనిచేస్తూనే ఉంది. వారిని ఆదుకున్నది జీవితకాల హామీ కాదు, దాని అడుగున ఉన్న మామూలు శాశ్వత లైసెన్సు.

ఈ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. జీవితకాల అప్‌డేట్లలో పాత వినియోగదారు నుంచి మళ్లీ ఆదాయం రాదు కాబట్టి, ప్రోగ్రామర్ల జీతాలకు ఏటా కొత్తగా చేరే కొనుగోలుదారులే ఆధారం. మొదటి నుంచీ అదే పద్ధతిలో వ్యాపారం నడుపుకుంటూ వచ్చిన సంస్థ ఆ లెక్కకు అలవాటుపడి ఉంటుంది. అప్పటిదాకా వేరే పద్ధతిలో అమ్ముతూ ఉన్నట్టుండి ‘ఈ నెలాఖరు వరకే’ అంటూ జీవితకాల ఆఫర్ తెచ్చే సంస్థ విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. రాబోయే ఏళ్ల ఆదాయాన్ని ఇవాళే వసూలు చేసుకోవాల్సిన అవసరం దానికి ఎందుకు వచ్చిందో మనకు చెప్పరు.

హామీ నిలబడినా దానికి హద్దులు ఉంటాయి. ఉచిత అప్‌డేట్లు మీరు కొన్న ఎడిషన్‌కే వర్తిస్తాయి. తక్కువ ఖరీదు ఎడిషన్ తీసుకున్నవారికి పై ఎడిషన్‌లోని ప్లగిన్లు (వాద్య శబ్దాలు, ఎఫెక్టులు అందించే అనుబంధ ప్రోగ్రాములు) కాలం గడిచినంత మాత్రాన వచ్చి చేరవు. కొత్తగా మొదలయ్యే సేవలు కూడా ఒప్పందం బయటే ఉండిపోవచ్చు. ఎఫ్ఎల్ స్టూడియోకు అనుబంధంగా 2023లో వచ్చిన ఎఫ్ఎల్ క్లౌడ్ ఇందుకు ఉదాహరణ. శబ్ద నమూనాలు, మాస్టరింగ్ (పూర్తయిన పాటకు చివరి మెరుగులు దిద్దడం) వంటివి అందించే ఆ సేవకు చందా వేరుగా ఉంది. ఇది మోసమేమీ కాదు, కాకపోతే జీవితకాలం అన్న మాటలో ఇదంతా కలిసి ఉందనుకుంటే నిరాశ తప్పదు.

రాతపూర్వకమైన హామీ లేకుండానే ఉచితంగా ఇచ్చేవారూ ఉన్నారు. 2013లో లాజిక్ ప్రో టెన్ కొన్నవారికి, 2024లో వచ్చిన పదకొండో వెర్షన్‌తో సహా యాపిల్ మళ్లీ డబ్బు అడగలేదు. మ్యాక్‌లు అమ్ముడుపోతే చాలు కాబట్టి యాపిల్‌కు అది భారం కాదన్నది నా అంచనా. అదే లాజిక్ ప్రోను 2023లో ఐప్యాడ్‌కు తెచ్చినప్పుడు మాత్రం చందా పద్ధతి పెట్టింది. సీరమ్ అనే సింథసైజర్ ప్లగిన్ రెండో వెర్షన్ కూడా 2025లో పాత కొనుగోలుదారులకు ఉచితంగానే అందింది.

ఇక మీ ఎంపిక. ఒకేసారి కట్టాల్సిన ధరను, చందాకు ఏడాది మొత్తంలో అయ్యే ఖర్చుతో భాగించి చూడండి. ఇక్కడ మొదటి నెల రాయితీని లెక్కలోకి తీసుకోకండి, రెండో నెల నుంచి పడే అసలు ధరనే తీసుకోండి. వచ్చే సంఖ్య రెండు లోపు ఉంటే, అంటే రెండేళ్ల చందాకంటే తక్కువకే సాఫ్ట్‌వేర్ మీదైపోతుంటే, నేర్చుకునేవారికి ఒకేసారి కొనడమే మేలు. సంగీత సాధన ఏళ్లమీద సాగే పని. మధ్యలో చదువో ఉద్యోగమో అడ్డొచ్చి ఆరు నెలలు కంప్యూటర్ వైపు చూడకపోయినా చందా మాత్రం ఆగదు. సంఖ్య నాలుగైదు దాటితే, ముందు కొన్ని నెలలు చందా కట్టి ఆ సాఫ్ట్‌వేర్ మీ చేతికి అలవాటు పడుతుందో లేదో చూసుకోవడంలో తప్పులేదు. కొన్ని ప్లగిన్లకు నెలవారీగా కట్టుకుంటూ పోతే చివరికి సొంతమయ్యే వాయిదా పద్ధతి కూడా ఉంది. స్ప్లైస్ సంస్థ సీరమ్‌ను 2016 నుంచి అలా అమ్మింది.

చందా అందరికీ నష్టమని నేను అనడం లేదు. ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే స్టూడియోతో మూడు నెలలపాటు సెషన్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాల్సిన ఇంజనీరుకు ఆ మూడు నెలల చందా చాలు. పని పూర్తయ్యాక ఆపేయవచ్చు. చందా ఖర్చును పారితోషికంలో కలుపుకోగలిగినవారి లెక్క వేరు, జేబులోంచి కట్టుకునే విద్యార్థి లెక్క వేరు.

జీవితకాల అప్‌డేట్ల సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు నేను సూచించే పరీక్ష ఒక్కటే. రేపటి నుంచి ఒక్క అప్‌డేట్ కూడా రాదని తెలిసినా, ఇవాళ ఉన్నది ఉన్నట్టుగా ఆ ధరకు కొంటారా? కొంటాననిపిస్తే నిశ్చింతగా తీసుకోండి. రాబోయే వెర్షన్ల మీద ఆశతోనే కొంటున్నట్టయితే ఆగండి. ఈ రంగంలో ఏటా నవంబరు చివర్లో చాలా కంపెనీలు ధరలు తగ్గిస్తాయి కాబట్టి, ‘ఈ అవకాశం మళ్లీ రాదు’ అన్న మాటకు కంగారు పడనవసరం లేదు.

ప్రశ్న: రెండేళ్లుగా చందా కడుతున్నాను. ఇప్పుడు ఆపేస్తే నేను చేసిన పాటలు ఏమవుతాయి?

జవాబు: పాటలు మీవే. అయితే వాటిని మళ్లీ తెరిచి మార్చుకునే దారి మూసుకుపోవచ్చు. ప్రాజెక్టు ఫైల్‌లో ఉండేది ప్రధానంగా స్వరాలు, ట్రాకుల అమరిక, ఆటోమేషన్ గీతలు (శబ్ద స్థాయి వంటివి పాటలో ఎక్కడెక్కడ మారాలో చూపేవి), ప్లగిన్ల సెట్టింగులు. వినబడే శబ్దాన్ని ప్రతిసారీ ఆ ప్లగిన్లే పుట్టిస్తాయి. వాటికి లైసెన్సు లేనప్పుడు ట్రాకు కళ్లకు కనబడుతుంది కానీ మోగదు. మిక్స్ చేసి పెట్టుకున్న డబ్ల్యూఏవీ, ఎంపీ3 ఫైళ్లకు మాత్రం ఏ ఇబ్బందీ రాదు.

అందువల్ల చందా ఆపడానికి ముందే, గడువు ఇంకా ఉండగానే, ముఖ్యమైన ప్రతి ప్రాజెక్టులోని ట్రాకులను విడివిడిగా 24 బిట్ డబ్ల్యూఏవీ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. అన్నీ పాట మొదటి బిందువు నుంచే మొదలయ్యేలా చూడండి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లో పరిచినా ఒకదానికొకటి సరిగ్గా అమరుతాయి. వీలైతే ఎఫెక్టులతో ఒకసారి, ఎఫెక్టులు లేకుండా ఒకసారి తీయండి. స్వరాలను మిడి ఫైల్‌గా (శబ్దం కాక స్వరాల వివరాలే ఉండే ఫైల్) వేరుగా దాచి, పాట టెంపో, అంటే వేగం ఎంతో ఫైల్ పేరులోనే రాసి పెట్టుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ చందా ముగిశాక దీనికోసమే మళ్లీ ఒక నెల డబ్బు కట్టేవారు చాలామంది ఉంటారు.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి ప్రాజెక్టును నేరుగా తరలించేందుకు బిట్‌విగ్, ప్రీసోనస్ సంస్థలు కలిసి 2023లో డాప్రాజెక్ట్ అనే బహిరంగ ఫార్మాట్‌ను తెచ్చాయి. క్యూబేస్ కూడా పద్నాలుగో వెర్షన్ నుంచి దీన్ని స్వీకరించింది. స్వరాలు, క్లిప్పులు, ఆటోమేషన్ దీనితో వెళ్తాయి. ప్లగిన్ల సెట్టింగులూ వెళ్తాయి గానీ, అవి మోగాలంటే అవతల కూడా అవే ప్లగిన్లు ఉండాలి. మీ సాఫ్ట్‌వేర్ దీన్ని గుర్తిస్తుందో లేదో చూసుకుని, డబ్ల్యూఏవీ ఫైళ్లకు తోడుగా దీన్నీ ఉంచుకోండి.

ప్రశ్న: నా దగ్గర చాలా ఏళ్ల కిందట కొన్న శాశ్వత లైసెన్సు ప్లగిన్లు ఉన్నాయి. కంపెనీలన్నీ చందా వైపు వెళుతున్నాయి కదా, నా పాత ప్లగిన్లు ఆగిపోతాయా?

జవాబు: కంపెనీ అమ్మకం పద్ధతి మారినంత మాత్రాన మీ లైసెన్సు రద్దు కాదు. 2023 మార్చిలో వేవ్స్ సంస్థ శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిపివేసి చందా ఒక్కటే ఉంటుందని ప్రకటించినప్పుడు కూడా పాత లైసెన్సులు చెల్లుతూనే ఉన్నాయి. వినియోగదారుల ఆగ్రహం చూసి ఆ సంస్థ రోజుల వ్యవధిలోనే శాశ్వత లైసెన్సులను తిరిగి తెచ్చింది. పాత వినియోగదారులకు దెబ్బ తగిలేది సాధారణంగా మరో వైపు నుంచి.

మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్. 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా పక్కన పెట్టింది. మరుసటి ఏడాది యాపిల్ సొంత చిప్‌లకు మారడంతో పాత ప్లగిన్లు రొజెట్టా అనే అనువాదకం మీద ఆధారపడి నడవాల్సి వచ్చింది. రెండోది యాక్టివేషన్. క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్, లైసెన్సులను ధ్రువీకరించే తన ఇలైసెన్సర్ సేవను 2025 మే 20న నిలిపివేసింది. దానితో ఆ సేవపై ఆధారపడిన పాత ఉత్పత్తులకు కొత్త యాక్టివేషన్లు, లైసెన్సు బదిలీలు ఆగిపోయాయి. లైసెన్సు శాశ్వతమైనా, దాన్ని ధ్రువీకరించే సర్వర్ శాశ్వతం కాదు. మూడోది ప్లగిన్ ఫార్మాట్, అంటే ప్లగిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేసే పద్ధతి. పాత వీఎస్‌టీ2 ఫార్మాట్‌లో ప్లగిన్లు తయారుచేసే కిట్‌ను స్టైన్‌బర్గ్ 2018లోనే ఉపసంహరించుకుంది కాబట్టి, కొత్త సాఫ్ట్‌వేర్లు క్రమంగా వీఎస్‌టీ3కే పరిమితమవుతున్నాయి.

కాబట్టి ఇన్‌స్టాలర్ ఫైళ్లను, సీరియల్ నంబర్లను విడిగా ఒక డ్రైవ్‌లో భద్రపరచండి. పని మధ్యలో ఉన్న కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చకండి. కంపెనీ పాత లైసెన్సును కొత్త వ్యవస్థలోకి మార్చుకోమని గడువు ఇస్తే ఆ మెయిల్‌ను ప్రకటనగా భావించి తీసేయకుండా వెంటనే మార్చుకోండి.

ప్రశ్న: ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో చేసి సేవ్ చేసుకున్న పాట మర్నాడు తెరుచుకోవడం లేదు. ఫైల్ పాడైందా?

జవాబు: పాడవలేదు. ట్రయల్‌లో ప్రాజెక్టును సేవ్ చేసుకోవచ్చు, డబ్ల్యూఏవీగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కానీ సేవ్ చేసినదాన్ని మళ్లీ తెరవాలంటే లైసెన్సు ఉండాలి. ఫైల్‌ను అలాగే దాచుకోండి. ట్రయల్‌లో ఖరీదైన ఎడిషన్ల ప్లగిన్లు కూడా అందుబాటులో ఉంటాయి గనుక, ఆ పాటలో ఏ ప్లగిన్లు వాడారో ఇప్పుడే గుర్తున్నంతవరకు రాసుకుని, కొనేముందు ఎడిషన్ల పట్టికతో పోల్చి చూడండి. మైకుతో గానం రికార్డు చేసే ఆలోచన ఉంటే, అందుకు ఏ ఎడిషన్ కావాలో కూడా ఆ పట్టికలోనే చూసుకోండి.