మాస్టారూ, ఈ ‘కాలూవ’ ఏ ఊళ్ళో ఉంది?

మాస్టారూ,

మీరు పంపిన ఐదు పాటలూ విన్నాను. గొంతు బాగుంది, గిటారు శుభ్రంగా వాయించారు. పొగడ్త ఇంతటితో సరి.

మూడో పాటలో ‘కాలువ గట్టున’ అనాల్సిన చోట ‘కాలూవ’ అన్నారు చూశారా, అక్కడ అన్నంలో రాయి తగిలినట్టయింది నాకు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ కాలువల మీద బతుకుతున్నాం. బోదె తవ్వే కూలీ, లాకుల దగ్గర లస్కరు, ఎవరైనా ఆ మాటని అలా అనగా విన్నారా? పైగా దీర్ఘానికి రెండు, హ్రస్వానికి ఒకటి చొప్పున లెక్కేస్తే కాలువ అంటే నాలుగు మాత్రలు, మీ డ్రమ్ముల నాలుగు దెబ్బలకీ అచ్చంగా సరిపోయే మాట. గిటారు మీద జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కి మారడానికి వేళ్ళకి కాస్త టైమ్ కావాలని మధ్యలో ‘లు’ని పట్టుకుని సాగదీశారు.

1965లో అమెరికాలో న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి పాటగాడు బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొస్తే జనం గోల చేశారనీ, ఇక్కడ మీకూ అదే గతి పట్టిందనీ రాశారు. మన కోనసీమ జగ్గన్నతోట తీర్థంలో కనుమనాడు భుజాల మీద మోసే ప్రభలు కౌశిక ఏరు దాటుతున్నప్పుడు ఆ డప్పులూ ఆ కేకలూ వినే జనానికి మీ యాంప్లిఫయర్ ఒక లెక్కా? ఏ వాయిద్యమైనా పెట్టుకోండి, ఎంత గట్టిగానైనా మోగించండి, మాట నిడివి జోలికి మాత్రం వెళ్ళకండి. ఊడ్పుల పాటల్లో సాగదీయరా అంటారేమో. సాగదీస్తారు, నేను విన్నంతలో పాదం చివర, ఊపిరి తీసుకునే చోట. మాట నడుమ కాదు.

నా మొదటి పాట వేసిన సంపాదకుడొకాయన, పేరెందుకు లెండి, ‘గోదారి’ గ్రామ్యమని ‘గోదావరి’గా దిద్దాడు. ఐదు మాత్రలు ఆరయ్యాయి, పాదం కుంటింది. అడిగితే “చదివేవాడికేం తెలుస్తుందండీ” అన్నాడు. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గోదారి దాటించే పంటు మీద వెళ్తూ పాడి చూసుకుంటే ఇంజను చప్పుడులో కూడా ఆ కుంటు తెలిసింది. తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది, జానపదమంటే బూతు కలపాలనేవాళ్ళ గుమ్మాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇప్పుడు డీజేలు, వాళ్ళ గొడవ ఎత్తితే ఈ ఉత్తరం తెమలదు.

నేర్పేవాళ్ళు లేరని బాధపడ్డారు. లెక్కల మాస్టారు కదా మీరు! పిల్లలు ఎక్కాలు అప్పజెబుతూ ‘మూడు మూళ్ళు తొమ్మిదీ’ అని ఊగుతారే, అక్కడ సాగేది చివరి ‘దీ’ ఒక్కటే. రోజూ మీ ముందే జరుగుతున్న పాఠం అది. గిటారు పక్కన పెట్టి, బల్ల మీద చేత్తో కొట్టుకుంటూ మూడో పాటని అలా చదవండి, మాట ఎక్కడ తడబడితే అక్కడ కార్డ్ జరపండి.

ఉద్యోగం మానేయాలా అని అడిగారు. ఇంగ్లీషు పాటగాడు స్టింగ్ కూడా ముందు బడిపంతులే, మిగతాది మీరూ మీ ఇంటివాళ్ళూ చూసుకోవాలి.

అన్నట్టు, ఐదో పాటలో ఊడ్పులకి పోయి, హాజరు పిలిస్తే పలకని పిల్ల ఉంది చూడండి, ఆ చరణం మాత్రం ముట్టుకోకండి. మూడోది దిద్ది పంపండి, ఫోన్లో మామూలుగా పాడితే చాలు, గొంతుకి ప్రతిధ్వని తగిలించే ఆ రివర్బ్ వద్దు. ఆదివారం పొద్దున్నయితే వింటాను, మిగతా రోజుల్లో మా ఇంట్లో టీవీ గోల.