నాన్నగారి రికార్డులు గోడకు పెట్టేముందు

మీ నాన్నగారి గ్రామఫోన్ రికార్డుల షాపు మూశాక మిగిలిన డిస్కులను తిరుపతి ఇంటి హాల్లో పడమటి గోడకు పెడితే రెండు వంగిపోయాయని రాశారు. టెన్షన్ పడకండి, మిగతావి కాపాడుకోవచ్చు.

తప్పంతా ఆ గోడదే అండీ. మన ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది పెనంలా కాలుతుంది. ఎల్పీలు, అంటే ఆ పెద్ద పాటల రికార్డులు, పీవీసీ ప్లాస్టిక్‌తో చేసినవి, వేడికి మెత్తబడతాయి. ఎండ తగలని లోపలి గోడకు మార్చండి, కవర్ల రంగు కూడా నిలుస్తుంది.

ఎల్పీ కవరు 12 అంగుళాల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఫ్రేము లోపలి కొలత 12.5 అంగుళాలు చెప్పండి. జిగురు, టేపు అస్సలు వద్దు. ఫోటో ఆల్బమ్‌లో వాడే కాగితపు మూలలు చాలు.

78 ఆర్‌పీఎం రికార్డులతో, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలం వాటితో, మరీ జాగ్రత్త. అవి చాలావరకు లక్క కలిపి చేసినవి, జారితే పెంకులా పగులుతాయి. స్పిరిట్‌తో తుడిస్తే పై పొర పాడైపోతుంది. మెత్తటి బట్టను కాస్త తడిపి, గాడి వెంటే గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవకూడదు. గ్రామఫోన్ ముందు చెవి రిక్కించిన ఆ హెచ్‌ఎంవీ కుక్కపిల్ల బొమ్మ చెరిగితే మళ్ళీ రాదు.

ఏ కవరు మీదైనా షాపు రబ్బరు స్టాంపు కనిపిస్తే, గోడ మధ్యలో దాన్నే పెట్టండి.